చూడని నెలవంకకి సంతకం

బద్ర్ పంపిన ఫైలు తనిఖీలో మొదటిసారికే పచ్చగా వచ్చింది. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

బద్ర్ తెలివైనవాడే. కీబోర్డు మీద చేతులు పెడితే పేలాలు వేగినట్టు టపటపలాడిస్తాడు. కానీ ఏదో ఒకటి మర్చిపోకుండా పంపడం వాడి ఒంట్లో లేదు. మేం మాడ్యూల్ అనే ఈ ఫైలుని ఒక మూట అనుకోండి. లోపల ఏమేం ఉన్నాయో మూట పైన రాసి ఉండాలి, రాసినవన్నీ లోపల ఉండాలి. వీడు పైన రాస్తాడు, లోపల పెట్టడు. లేకపోతే ఒక గడి ఖాళీగా వదిలేస్తాడు. మా తనిఖీ ప్రోగ్రాం ఎర్రగా అరుస్తుంది, నేను వాడి మీద అరుస్తాను, వాడు నవ్వుకుంటూ సరిచేసి పంపుతాడు. బెని మెల్లాల్ బస్టాండు వెనక మూడో అంతస్తులో ఉన్న మా చిన్న ఆఫీసులో నా ఉద్యోగమే అది. సర్వర్ మీదికి ఎక్కబోయే ప్రతి మూటనీ విప్పి చూసి, బాగుంటే సంతకం పెట్టడం. నా సంతకం లేనిదే రబాత్‌లో సర్వర్ కాసేవాళ్ళు దేన్నీ లోపలికి రానివ్వరు.

ఆ రోజు గురువారం, రంజాన్ ఇరవై తొమ్మిదో ఉపవాసం. సాయంత్రం నెలవంక కనబడితే శుక్రవారమే పండగ. కనబడకపోతే ఇంకొక ఉపవాసం ఉండి, శనివారం పండగ. నోరు పిడచకట్టుకుపోయి ఉంది. పని తొందరగా ముగించి ఇంటికి పోదామనే అందరి తాపత్రయం. నేను మాత్రం పచ్చదీపాన్ని పక్కకి నెట్టి మూట విప్పాను. పండగ తేదీ గడిలో రేపటి తేదీ వేసి ఉంది.

"బద్ర్, ఒకసారి ఇటు రా."

"ఏమైంది లల్లా ఇట్టో? పచ్చగానే ఉందిగా. నోటితో పాటు కళ్ళక్కూడా ఉపవాసమా ఇవాళ?" ఇట్టో నా పేరు, లల్లా అనేది ఆడవాళ్ళని మర్యాదగా పిలిచే మాట.

"రేపు పండగని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలేంటి? గడి ఖాళీగా ఉంచితే నీ ముద్దుల ప్రోగ్రాం ఎర్రబడి చస్తోంది. ఏదో ఒక తేదీ వెయ్యాలి కదా. ఇంటర్నెట్లో ఏ క్యాలెండర్ చూసినా రేపే అంటోంది."

"మిట్టమధ్యాహ్నం మిద్దెక్కి చూసొచ్చావా నెలవంకని?"

"మా అమ్మ పొద్దున్నే పండగ రొట్టెలకి పిండి కలిపేసింది. మా అమ్మ పిండి కలిపాక రాకుండా ఉండే ధైర్యం చంద్రుడిక్కూడా లేదు."

వాడి మాటకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అది చెప్పుల దుకాణం ఫైలో, హోటలు ఫైలో అయితే నేనూ నవ్వి సంతకం పడేసేదాన్ని. ఇది కిడ్నీ రోగుల సంఘం వాళ్ళ సర్వీసు. కొండ ఊళ్ళలో ఉండే రోగుల్ని వ్యాన్లలో కిందికి దించి, డయాలిసిస్ సెంటర్‌లో రక్తం శుభ్రం చేయించి, మళ్ళీ ఇంటి గడపలో దిగబెడతారు. సోమ, బుధ, శుక్రవారాలు ఒక జట్టు. మంగళ, గురు, శనివారాలు ఇంకొక జట్టు. ఆదివారం సెంటరుకి సెలవు. ప్రతి రోజూ చీకటి పడ్డాక, ఇషా నమాజు వేళకి మా సర్వీసు డ్రైవర్లకీ నర్సులకీ మెసేజ్ పంపుతుంది, రేపు ఏ వ్యాను ఏ ఇంటికి పోవాలో, ఎవరికి ఏ మంచమో. పండగ రోజు సెంటరు మూసేస్తారు కాబట్టి ఆ రోజు జట్టుని ముందు రోజు జట్టుతోనో మర్నాటి జట్టుతోనో కలిపి సర్దాలి. ఆ సర్దడం అంతా ఈ క్యాలెండర్ మాడ్యూల్ మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు ఫైలు రేపు పండగంటుంది, చంద్రుడు కాదంటాడు అనుకోండి. రేపు వ్యాను రాదు. పని లేదని మెసేజ్ అందగానే డ్రైవర్లు రాత్రికి రాత్రి ఎవరి ఊరికి వాళ్ళు పోతారు, ఫోను పలకని లోయల్లోకి. ఎల్లుండి అసలు పండగ, సెంటరుకి తాళం. ఆ మర్నాడు ఆదివారం. బుధవారం మిషన్ ఎక్కినవాడు మళ్ళీ ఎక్కేది సోమవారం. అప్పటిదాకా ఒంట్లో చేరిన నీరంతా ఒంట్లోనే ఉంటుంది.

మా మేనమామ బాస్సూ శుక్రవారం జట్టులో ఉన్నాడు. నాన్న పోయాక గాడిద మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని కొండ దింపి బడికి తీసుకెళ్ళిన మనిషి. పోయిన చలికాలం మంచు పడి ఆయన ఊరు ఐత్ ఊఫెల్లా రోడ్డు మూసుకుపోతే ఆయనకి ఒకే ఒక్క వాయిదా తప్పింది. గోడకి వీపు ఆనించుకుని కూర్చుని, గట్టున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే చూసినదాన్ని నేను. ఇంకొకసారి అలా అయితే మనిషి దక్కడని డాక్టరు అప్పుడే చెప్పాడు.

ఫైలుకి ఒక నకలు తీసి, దాంట్లో గడి ఖాళీ చేసి తనిఖీకి పెట్టాను. ఎరుపు. 'తేదీ లేదు' అంది ప్రోగ్రాం. దానికి కావలసింది తేదీ. ఆ తేదీ నిజమా కాదా అన్నది దానికి పట్టదు.

అప్పుడే మా యజమాని లహ్బీబ్ గారు, ఇక్కడి మర్యాదలో సీ లహ్బీబ్, తన పొడుగాటి అంగీ జెల్లాబా తొడుక్కుంటూ తన గదిలోంచి బయటికొచ్చాడు. కారు తాళాలు చేతిలో ఉన్నాయి.

"ఇంకా పంపలేదా? మూడింటికి రబాత్‌వాడు తలుపు మూస్తాడని తెలుసుగా. మూశాడంటే మంగళవారం దాకా సూదిమొన కూడా దూరనివ్వడు."

"తేదీ ఊహించి వేశాడండీ, బద్ర్."

"పచ్చగా ఉందా లేదా?"

"ఉంది."

"మరి సంతకం పెట్టు తల్లీ. పాత ఫైలే ఉండిపోతే ఈ ఏడు అసలు పండగే లేదనుకుంటుంది సర్వీసు. అది ఇంకా ఘోరం."

ఆయన అన్నదీ అబద్ధం కాదు. ఫైలు ఆపడమూ ప్రమాదమే, పంపడమూ ప్రమాదమే. సంతకం గడి మీద బాణం పెట్టాను. ఆ గడి పైన ఒక వాక్యం ఉంటుంది: ఈ ఫైలును నేను స్వయంగా పరిశీలించాను, ఇందులోని వివరాలు నిజం. రోజూ చదవకుండా నొక్కేసే వాక్యం. ఆ రోజు చదివాను. చదివాక వేలు కదల్లేదు.

"సీ లహ్బీబ్, ఉపవాసం ఉన్న నోటితో చూడనిదానికి సాక్ష్యం చెప్పమంటున్నారు నన్ను."

"అబ్బా, ఇది కంప్యూటరమ్మా, ఖాజీ కోర్టు కాదు."

"సరే, నేను చెప్పను. మీరు చెప్పండి. రేపు పండగని దేవుడి మీద ఒట్టేసి ఒక్కసారి వల్లాహి అనండి చాలు. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

సీ లహ్బీబ్ నోరు తెరిచాడు. కస్టమర్లు ఫోన్ చేస్తే 'అయిపోయింది, రేపే ఇచ్చేస్తున్నాం' అని రెప్ప వాల్చకుండా చెప్పే మనిషి. కానీ ఉపవాసం పూట, ఇంకా పుట్టని నెలవంక మీద దేవుడి పేరు తీసుకోవడానికి నాలుక తిరగలేదు. బద్ర్ వైపు చూశాడు.

"నన్ను చూడకండి," అన్నాడు బద్ర్ చేతులు రెండూ పైకెత్తి. "నేను పిండి గురించి మాట్లాడాను గానీ ప్రమాణాల గురించి కాదు."

"ఇరికించావు కదే కొండదానా," అని సీ లహ్బీబ్ తాళాలు బల్ల మీద పడేశాడు. "ఇప్పుడేం చెయ్యమంటావో అదీ నువ్వే చెప్పు."

రబాత్‌కి ఫోన్ కలిపాను. అక్కడ మా తలుపు కాసే మనిషి పేరు ముగీత్. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. గొంతు బట్టి లావుగా, చిరాగ్గా, మంచివాడై ఉంటాడనుకునేదాన్ని.

"సీ ముగీత్, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాటి, నెలవంక ప్రకటన వచ్చేదాకా తలుపు తెరిచి ఉంచగలరా?"

"ఉంచుతాను. ఉంచి దాని ముందు చాప వేసుకుని పడుకుంటాను. నా ఉజ్దా రైలు ఇంకాసేపట్లో ఉంది లల్లా! టికెట్టు కోసం కౌంటర్ దగ్గర ఎంత కొట్టుకున్నానో తెలుసా?"

"మనుషుల ప్రాణాల సంగతండీ ఇది."

"అందరిదీ ప్రాణాల సంగతే. పొద్దున్నుంచి ఇది పదో ప్రాణం." వెనక ఎవరో పెట్టె ఈడుస్తున్న చప్పుడు. "ఆ రోగుల వ్యాన్లేనా మీవి?"

"అవును."

"మరి విను. కొత్త ఫైలు ఎక్కించాలంటే నేను ఇక్కడ ఈ మిషన్ ముందు ఉండి తీరాలి. అది నా చేతిలో లేదు. కానీ రెండు ఫైళ్ళు ఎక్కించి పెట్టుకోవచ్చు. ఒకటి నడుస్తుంది, ఒకటి పక్కన నిద్రపోతుంది. నిద్రపోయేదాన్ని లేపి నడిచేదాన్ని పడుకోబెట్టడం ఒక్క మీట పని. అది నా ఫోన్లోంచి నొక్కగలను, రైల్లోంచైనా సరే."

"రైల్లో సిగ్నల్ ఉంటుందా?"

"ఉన్నచోట ఉంటుంది. నేను మనిషినమ్మా, టవర్ని కాదు. దిగేలోపు దొరికితే దొరికినట్టు. దిగాక మా అమ్మ ఊళ్ళో ఫోను మేక కొమ్ముకి కట్టినా పలకదు. రెండూ తనిఖీ అయి, సంతకంతో మూడింటిలోపు రావాలి. ఏది నడవాలో ఏది పడుకోవాలో కూడా నువ్వే రాసి పంపు. ఆ పాపం నాకొద్దు."

ఫోన్ పెట్టేశాను. ఆయన చెప్పింది ఇద్దరికీ చెప్పాను.

"రేపు పండగ అనే ఫైలే నడవనీ. ఎలాగూ జరగబోయేది అదే," అన్నాడు బద్ర్.

"ఏది జరుగుతుందన్నది కాదు చూడాల్సింది. మనం తప్పయితే ఏమవుతుందన్నది చూడు. పండగ ఫైలు నడిచి, నెలవంక రాలేదనుకో. డ్రైవర్లకి సెలవని మెసేజ్ పోతుంది. ఎవడూ ఫోన్ చెయ్యడు, అందరూ సంతోషంగా కొండలెక్కేస్తారు. మనకి తెలిసి కూడా ఎవర్నీ వెనక్కి పిలవలేం. అదే రేపు పని ఉందనే ఫైలు నడిచి, నెలవంక వచ్చిందనుకో. పండగ పూట డ్యూటీ ఏంటని అందరూ మన మీద విరుచుకుపడతారు."

"అది బాగుంటుందా?"

"విరుచుకుపడాలంటే ఫోన్ చెయ్యాలిగా. చేసినప్పుడు చెప్పొచ్చు. వ్యాను ఊరికే వస్తే జనం నన్ను తిడతారు. వ్యాను రాకపోతే తిట్టడానికి కొందరు మిగలరు."

సీ లహ్బీబ్ గెడ్డం గోక్కున్నాడు. "పని ఉందనేది నడవనీ. కానీ ఆ తిట్లు నీ ఫోనుకే రావాలి, నాకు కాదు. కానివ్వండి మరి. కోళ్ళ సంతలో మంచివి అయిపోతాయి, మా ఆవిడ నన్నే కోసి వండుతుంది." తాళాలు తీసుకుని దిగిపోయాడు.

బద్ర్ నా పక్కకి కుర్చీ లాక్కున్నాడు. రెండో ఫైలు చెయ్యడం ఎంతసేపులే అనుకున్నాం. మొదటిదాన్ని నకలు తీసి, తేదీ శనివారానికి మార్చి, తనిఖీకి పెట్టాం.

ఎరుపు. రెండు మూటలకీ ఒకటే నంబరు ఉందట. ఒక నంబరుతో రెండు మూటల్ని సర్వర్ ఒప్పుకోదు.

బద్ర్ మూట పైన నంబరు మార్చాడు. ఎరుపు. పైన కొత్త నంబరు, లోపలి ముక్కలో పాత నంబరు. బూతు ఒకటి వాడి పెదాల దాకా వచ్చి, ఉపవాసం గుర్తొచ్చి వెనక్కి పోయింది. లోపల కూడా మార్చాడు.

ఎరుపు. ఈసారి ముద్ర చెల్లదంది.

మూట కట్టాక దాని మీద ఆఫీసు ముద్ర పడుతుంది. ఆ తర్వాత లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర పగిలినట్టే లెక్క. తాజాగా వెయ్యాలి. ముద్ర వేసే తాళంచెవి, బొటనవేలంత ఇనపముక్క, కంప్యూటర్‌కి గుచ్చేది, సీ లహ్బీబ్ జెల్లాబా జేబులో ఉంటుంది. ఆ జేబు ఇప్పుడు కోళ్ళ సంతలో ఉంది.

ఫోన్ చేశాను. పక్కగదిలోంచి మోగింది. తాళాలు తీసుకున్న మనిషి ఫోను బల్ల మీదే మర్చిపోయాడు.

"నేను పోతా," అన్నాడు బద్ర్. అనేలోపే మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు వినబడింది.

ఒక్కదాన్నే కూర్చున్నాను. చెయ్యగలిగినంత పని చేసి పెట్టుకుందామని ఒక్కొక్క ఫైలుకీ వివరణ గడి తెరిచాను. ఒకదాంట్లో 'నెలవంక కనబడితేనే' అని రాశాను. రెండోదాంట్లో 'కనబడకపోతేనే, లేదా కబురు అందేదాకా' అని రాశాను. అప్పుడు రెండూ నిజమే అయ్యాయి. ఏది నడవాలో ఉత్తరువు గడిలో వేశాను. మళ్ళీ మొదటి నుంచి ప్రతి ఊరు, ప్రతి మంచం, ప్రతి జట్టు చూసుకుంటూ పోయాను. శనివారం వరసలో బాస్సూ ఊఅలీ అన్న పేరు దగ్గర వేలు ఆగింది. మిగతా పేర్లు చూస్తూ కింది వరసలకి పోయాను. కిటికీ కింద వీధి మొత్తం చక్కెర పాకం వాసన. గడియారం వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని చూస్తూనే ఉన్నాను.

ముగీత్ దగ్గర్నుంచి మెసేజ్: 'బూట్లు తొడుక్కుంటున్నా.'

'ఒక బూటే తొడుక్కోండి,' అని కొట్టాను.

మెట్ల మీద చప్పుడు. ముందు బద్ర్, చొక్కా తడిసి ముద్దయి. వెనక సీ లహ్బీబ్, ఒక చేత్తో జెల్లాబా అంచు ఎత్తి పట్టుకుని, ఇంకో చంకలో కాళ్ళు కట్టేసిన పుంజుతో.

"ఈ పుంజు కోసం ఇద్దరితో గొడవపడి గెలిచానే! డబ్బివ్వబోతుంటే వీడొచ్చి నా జెల్లాబా పట్టుకున్నాడు. సంతంతా పోలీసులనుకున్నారు."

"ముద్ర, సీ లహ్బీబ్, ముద్ర!"

"ఇది పట్టుకో." పుంజు నా ఒళ్ళోకొచ్చి పడింది. ఆయన జేబులు తడిమాడు. ఖర్జూరాల కాగితం, జపమాల, మందుల చీటీ. ఆఖరి జేబులో దొరికింది. గుచ్చాడు. రహస్య సంకేతం కొట్టాడు. తప్పంది. మళ్ళీ కొట్టాడు. రెండు మూటలకీ ముద్ర పడింది.

తనిఖీకి పెట్టాను. ప్రోగ్రాం రెండు మూటలూ విప్పుతోంది, ముక్క తర్వాత ముక్క. పేర్లు, నంబర్లు, గళ్ళు, ముద్ర. పుంజు నా మోచేతిని ఒకసారి పొడిచింది.

పచ్చ.

రెండిటికీ సంతకం పెట్టి పంపాను. ఫోన్‌లో ముగీత్ గొంతు: "వచ్చాయి. ఒకటి నడుస్తోంది, ఒకటి పడుకుంది. తలుపు మూసేస్తున్నా. నా రైలు పోతే నువ్వే నన్ను ఉజ్దాకి మోసుకెళ్ళాలి."

మగ్రిబ్ వేళకి నేను అద్దెకుండే ఇంట్లో, ఇంటావిడ హజ్జా రబ్హా దగ్గర ఉన్నాను. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. హరీరా సూపు గిన్నె పక్కకి జరిపేశాను. హజ్జా టీవీ గొంతు పెంచి, దాని ముందు కదలకుండా కూర్చుంది.

"తినవే పిల్లా. నువ్వు తినకపోతే నెలవంక రాదా?"

"వస్తుందేమోనని భయంగా ఉంది హజ్జా."

"ఇదేం బతుకే తల్లీ. మాకు దానితో ఒక్క భయమే, పిండి పులిసిపోతుందని."

ప్రకటన వచ్చింది. నెలవంక కనబడింది. రేపు పండగ. వీధిలో ఆడవాళ్ళు ఒక్కసారిగా యూయూ అని కేకలు తీశారు. హజ్జా నన్ను కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. నా ఫోన్ మోగింది. బద్ర్.

"చెప్పానా! మా అమ్మ పిండి గెలిచింది! మధ్యాహ్నం నా ఫైలుకి సంతకం పెట్టుంటే ఇప్పుడు హాయిగా తింటూ ఉండేదానివి. సంతలో అంత పరుగు దేనికి పెట్టించినట్టు నన్ను?"

"పెట్టెయ్ ఫోను. ముగీత్‌కి చెయ్యాలి."

చేశాను. ఆ నంబరు అందుబాటులో లేదంది ఆడగొంతు. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే గొంతు, అదే మర్యాద. రైలు కొండల మధ్యకి పోయి ఉంటుంది. మేడెక్కి చేశాను, నా సిగ్నల్ బాగుంటే ఆయన సిగ్నల్ కూడా బాగుపడుతుందన్నట్టు. మసీదులో ఇషా అజాన్ మొదలైంది. సర్వీసుకి తెలిసింది ఒకటే, రేపు పని ఉందని. మెసేజ్‌లు పంపేసింది. ఫైలు మారితేనే సరైనవి మళ్ళీ పంపుతుంది.

మొదటి ఫోన్ డ్రైవర్ హద్దూది. ఐత్ ఊఫెల్లా వైపు వ్యాను ఆయనదే.

"ఏం లల్లా, మీ ఆఫీసులో ఎవరికీ చెవులు లేవా? దేశమంతా పండగైతే నాకు డ్యూటీనా? పిల్లల్ని బండెక్కించి పెట్రోల్ బంకులో నిలబడున్నా!"

"పొరపాటు హద్దూ అన్నా. రేపు సెలవే. శనివారం తెల్లవారుజామున రెండు జట్లూ దించాలి. సరైన మెసేజ్ ఇంకాసేపట్లో వస్తుంది, అందాకా కొండెక్కకు."

"ఇంకాసేపంటే?"

"వచ్చేదాకా."

"నోటిమాట మీద నేను రానమ్మా. పోయినసారి ఎవరో చెప్పారని తెల్లారకుండా వస్తే, పేర్లు రాలేదని సెంటర్ గేటు దగ్గర నుంచి ఖాళీగా పంపేశారు. నాకు మెసేజ్ ఉండాలి, ఏ ఇల్లో, ఏ మంచమో. పైకి పోయానంటే నా ఫోను చచ్చినట్టే, తెలుసుగా. ఆ బంకువాడి పక్కన ఒక టీ తాగేదాకా ఆగుతా. తర్వాత పోతా."

"రెండు తాగు అన్నా. నేనిప్పిస్తా."

"టీ నాకు, ఆకలి పిల్లలకి!" అని విసుక్కున్నాడు గానీ ఫోన్ పెట్టేలోపు బండి ఇంజన్ ఆపిన చప్పుడు వినబడింది.

తర్వాత ఇంకొక డ్రైవర్. తర్వాత ఇంకొకడు, వాడు తిట్టిన తిట్లు నా వెనకే మేడెక్కొచ్చిన హజ్జా కూడా విని చెవులు మూసుకుంది. తర్వాత నర్సు. అందరికీ అదే చెప్పాను. ఆగండి. వస్తుంది. ఒక ఫోనుకీ ఇంకో ఫోనుకీ మధ్య ముగీత్‌కి కొడుతూనే ఉన్నాను. అందుబాటులో లేరు. అందుబాటులో లేరు.

మధ్యాహ్నం నేనే వాదించి గెలిచాను. తప్పయితే అందరూ ఫోన్ చేస్తారు, ఆపొచ్చు అన్నాను. చేశారు. ఆపాను. ఎంతసేపు ఆపగలనన్నది మాత్రం ఆలోచించలేదు. హద్దూ టీ అయిపోతే మామ సంగతేంటి? రేపు సెంటరు మూత. ఎల్లుండికి వ్యాను లేదు. సర్వీసు లెక్కలో శనివారం పండగే కాబట్టి మంచమూ లేదు. మళ్ళీ అదే సోమవారం.

రింగయింది.

గొంతు పలికేలోపు రైలు హోరు, ఎవరో పండగ పాట, పిల్లల ఏడుపు. "లల్లా! పండగ మబ్రూక్! రైలు పెట్టెలో అందరూ నా హరీరా తాగేశారు..."

"నొక్కండి సీ ముగీత్! పడుకున్నదాన్ని లేపండి!"

"ఉండుండు, ఫోన్లోనే కదా నొక్కాలి. నీతో మాట్లాడుతూ... ఏది, ఎక్కడ... వీడెవడ్రా బాబూ మోచేత్తో... ఆఁ, ఇదిగో. నొక్కా. తిరుగుతోంది. తిరుగుతోంది. ఇంకా తిరుగు..."

తెగిపోయింది.

మళ్ళీ చేశాను. అందుబాటులో లేరు.

నొక్కాడు. పడిందా? తిరుగుతూ తిరుగుతూ సొరంగంలోకి పోయిందా? ఫోను అరచేతిలో పెట్టుకుని మేడ మీద నిలబడ్డాను. చుట్టూ మేడల మీద జనం ఒకళ్ళకొకళ్ళు శుభాకాంక్షలు అరుచుకుంటున్నారు. ఎవరో నన్ను కూడా పిలిచారు.

ఫోన్ మోగింది. హద్దూ. పోతున్నానని చెప్పడానికే అనుకున్నాను. ఎత్తడానికి భయమేసింది. ఎత్తాను.

"వచ్చింది," అన్నాడు.

"ఏమొచ్చింది? చదువు."

"రేపు సెలవు. శనివారం తెల్లవారుజామున బయల్దేరాలి, రెండు జట్లు. మొదటి ఇల్లు బాస్సూ ఊఅలీ, ఐత్ ఊఫెల్లా, మంచం కిటికీ పక్కది. ఇంకా చదవాలా?"

"వద్దన్నా."

"ఏడుస్తున్నావా ఏంటి?"

"లేదు. ఇంట్లో ఉల్లిపాయలు కోస్తున్నారు."

"పండగ రాత్రి ఉల్లిపాయలేంటే, తిక్కపిల్లా. సరే, పైకెళుతూ మీ మామ తలుపు తట్టి చెప్పి పోతా. శనివారం నిద్రలేచి సిద్ధంగా లేకపోతే వ్యాను ఆగదని చెప్తా."

బద్ర్‌కి చెప్పాను. ఈసారి వేళాకోళం ఆడలేదు. "పడిందా? నిజంగా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, "తేదీ గడిలో 'ఇంకా తెలియదు' అని కూడా ఒప్పుకునేలా మార్చేద్దాం, పండగ పోగానే," అన్నాడు.

"నువ్వే రాయి. నేను తనిఖీ చేస్తా."

"ఎర్రగా వస్తుందేమో."

"రానీ."

శనివారం మధ్యాహ్నం సెంటర్‌కి వెళ్ళాను. రెండు జట్లూ కలవడంతో కుర్చీలు చాలక కొందరు నేల మీద కూర్చున్నారు. పండగ కొత్తబట్టల్లో రోగులు, పండగ రెండో రోజు లేకుండా పోయిన నర్సులు. బాస్సూ మామ కిటికీ పక్క మంచం మీద చెయ్యి చాపుకుని పడుకుని, నర్సుతో ఏదో బేరమాడుతున్నాడు. నన్ను చూసి బేరం ఆపాడు.

"హద్దూ ఏదో చెప్పాడే. మొన్న రాత్రి మీరంతా ఒక రైలు కోసం కొట్టుకున్నారంట."

"రైలు కోసం కాదు మామా. అదొక పెద్ద కథ."

"నాకేం తొందర? ఈ మిషన్ వదిలేదాకా ఎక్కడికీ పోను." మిషన్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "అది సరే గానీ, సోమవారం వ్యాను వస్తుందా?"

"వస్తుంది మామా."

"ఊరికే ధైర్యం చెప్తున్నావా? తెలిసే చెప్తున్నావా?"

ఫోన్ తీశాను. సర్వీసు తెరిచి, సోమవారం వరసలో ఆయన పేరు, వ్యాను, మంచం మూడూ కళ్ళారా చూసుకున్నాను.

"తెలిసే చెప్తున్నాను," అన్నాను.